కారు లైటు డబ్బా ఇంట్లోనే మార్చాలంటే: పాలిషా, పాత పార్టా, బయటి కంపెనీదా, ఒరిజినలా?

లైటు దెబ్బతిందని కొత్తది కొనడానికి బయల్దేరే ముందు ఒక్క పని చేయండి. చీకటి పడ్డాక కారును గోడకు ఎదురుగా నిలిపి లో బీమ్ (కిందికి పడే మామూలు వెలుతురు) వేయండి. గోడ మీద వెలుతురు పైఅంచు గీత గీసినట్టు తేటగా ఉందా, పొగలా చెదిరిపోయిందా? రెండు లైట్లూ ఒకే ఎత్తున పడుతున్నాయా? ఏం కొనాలో, అసలు కొనాలో వద్దో ఆ గోడే చాలావరకు చెప్పేస్తుంది.

చాలామంది బయటి అద్దం మెరుపు చూసి నిర్ణయం తీసుకుంటారు. ముందు లైటు పని దారి చూపడం. వెనక లైటు పని మనం ఉన్నామని, ఆగుతున్నామని ఎదుటివాళ్లకు చెప్పడం. పనులు వేరు కాబట్టి రెండింటికీ ఒకే సలహా కుదరదు. నా మాట ఇది: ముందు లైటుకైతే చవకగా వచ్చే కొత్త బయటి పార్టు (కారు కంపెనీ కాక వేరేవాళ్లు చేసింది) కంటే మంచి స్థితిలో ఉన్న సెకండ్ హ్యాండ్ ఒరిజినల్ నయం. వెనక లైటు మామూలు బల్బులదైతే, ఆమోద ముద్ర ఉన్న బయటి కంపెనీది నిశ్చింతగా వేసుకోవచ్చు.

దెబ్బ ఎక్కడ తగిలింది?

లైటు డబ్బా అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో చాలా ఉన్నాయి. బయటికి కనిపించే అద్దం లాంటి ముఖం, లోపల వెలుతురును మలిచే రిఫ్లెక్టరు లేదా ప్రొజెక్టరు, వెనక నల్లటి ప్లాస్టిక్ పెట్టె, దాన్ని బాడీకి పట్టి ఉంచే చెవులు, బల్బు హోల్డర్లు, వైర్లు. ఏది చెడిందో దాన్నిబట్టే మందు.

రిఫ్లెక్టరు మీది వెండి పూత మసకబారి పెచ్చులు లేస్తుంటే ఆ డబ్బా ఆయుష్షు తీరినట్టే. ముఖం ఎంత తళతళలాడినా రోడ్డు మీదికి వెలుతురు రాదు. ఇది తెలియాలంటే వెనక మూత విప్పి, బల్బు తీసి, ఆ కన్నంలోంచి చిన్న టార్చి వేసి చూడాలి. వేడి పైకే పోతుంది కాబట్టి బల్బుకు నేరుగా పైనున్న చోటే ముందు కాలుతుంది. ఎక్కువ వాట్ల బల్బులు పెట్టిన కార్లలో ఇది తరచూ కనిపిస్తుంది. 60/55 వాట్ల హెచ్4 బల్బు కోసం తయారైన డబ్బాలో 100/90 వాట్లది పెడితే రిఫ్లెక్టరే కాదు, సాకెట్ కూడా గోధుమరంగుకు తిరిగి కరగడం మొదలవుతుంది. అలాంటప్పుడు డబ్బా ఒక్కటే మార్చి, కరిగిన సాకెట్‌నే మళ్లీ తగిలిస్తే కొత్తదానికీ అదే గతి పడుతుంది.

కొన్ని తప్పులకు డబ్బాతో సంబంధమే ఉండదు. ఇండికేటర్ వేస్తే దాంతోపాటు బ్రేక్ లైటు కూడా మినుకుమినుకుమంటుందా? ముందుగా అనుమానించాల్సింది తుప్పు పట్టిన ఎర్త్ వైరును. అలాగే వాన పడ్డాకో, కారు కడిగాకో ముఖం లోపల సన్నటి మంచు పట్టి, లైట్లు వేసుకుని కాసేపు తిరిగితే ఆరిపోతుంటే దాని జోలికి పోకండి. గాలి ఆడటానికి ఈ డబ్బాలకు కావాలనే చిన్న రంధ్రాలు పెడతారు, తేమ అలా వచ్చి పోతుంటుంది. చుక్కలు కారుతున్నా, అడుగున నీళ్లు నిలిచినా మాత్రం ఎక్కడో పగులుంది, లేదా వెనక మూత రబ్బరు జారింది. ముందు ఆ మూతే చూడండి. బల్బు మార్చినప్పుడు మూత సరిగ్గా కూర్చోక, నీళ్లు చేరి, చివరికి డబ్బా మొత్తం మార్చుకున్నవాళ్లను చూశాను.

పసుపెక్కితే పాలిష్, ఒక షరతు మీద

ఇప్పటి హెడ్‌లైట్ల ముఖం పాలికార్బొనేట్ ప్లాస్టిక్. గాజుకంటే తేలిక, అంత సులువుగా పగలదు. కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే పసుపెక్కుతుంది. అందుకే ఫ్యాక్టరీలో దాని మీద గట్టి రక్షణ పూత వేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత అరిగి, పొలుసులుగా లేస్తుంది.

మసక బయట ఉందా, లోపల ఉందా తేల్చుకోవడం సులువు. ముఖం మీద నీళ్లు పోయండి. తడిగా ఉన్నంతసేపు తేటగా కనిపించి, ఆరగానే మళ్లీ మసకబారితే లోపం బయటి పొరలో ఉంది, పాలిష్‌కు లొంగుతుంది. తడిసినా అలాగే ఉంటే మసక లోపల ఉంది, లేదా ప్లాస్టిక్‌లోనే సన్నటి పగుళ్లున్నాయి. ఆ ముఖాన్ని ఎంత రుద్దినా ప్రయోజనం లేదు.

చుట్టూ పెయింటుకు మాస్కింగ్ టేపు వేసి, 800 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 1500, 2000, 3000 దాకా తడుపుతూ రుద్దాలి. మొదటి పేపర్ రుద్దాక ముఖం పాలు పోసినట్టు తెల్లగా అయిపోతుంది. భయపడకండి, ఆ తెలుపు అంతటా ఒకే రకంగా ఉంటేనే పాత పూత పూర్తిగా పోయిందని అర్థం. తర్వాత కాంపౌండుతో (పాలిష్ పెట్టే ముద్దతో) మెరుపు తేవాలి. ఇక షరతు: ఆఖర్న యూవీ (అతినీలలోహిత కిరణాల) రక్షణ పూత వేసి తీరాలి. అది వేయకపోతే కొన్ని నెలల్లోనే పసుపు తిరిగొస్తుంది, ఈసారి ఇంకా తొందరగా. టూత్‌పేస్టుతో తోమితే వచ్చే మెరుపు నిలవనిది అందుకే. థిన్నర్, అసిటోన్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. పాలికార్బొనేట్‌కు అవి తగిలితే సాలెగూడులా పగుళ్లు పుడతాయి.

లోపల రిఫ్లెక్టరు బాగుండి, పైన మసక ఒక్కటే ఉంటే నేను ప్రతిసారీ పాలిష్‌కే ఓటేస్తాను. ఒరిజినల్ డబ్బాను కాపాడుకోవడమంటే ఒరిజినల్ వెలుతురును కాపాడుకోవడమే.

చెవి ఒక్కటే విరిగితే

ఈ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు ఊరికే పోయేది ఇక్కడే. వెనక్కి తీస్తున్న బండి ఒకటి తగిలి నా కారు కుడి హెడ్‌లైట్ పైచెవి విరిగింది. ముఖం మీద చిన్న గీత కూడా పడలేదు. రాత్రి గతుకుల మీద వెళ్తుంటే కుడివైపు వెలుతురు ఒక్కటే వణికేది, తేడా అలా తెలిసింది. సూపర్ గ్లూతో అతికిస్తే రెండో రోజుకే ఊడింది. విప్పి చూస్తే వెనక పెట్టె మీద చిన్న అక్షరాలతో పీపీ అని అచ్చుపోసి ఉంది. అంటే పాలీప్రొపిలీన్. దానికి మామూలు జిగుర్లు పట్టవు. వేడితో ప్లాస్టిక్‌ను కరిగించి అతకాలి, లేదా స్క్రూలతో బిగించే విడి చెవి వేయాలి. అదే ఏబీఎస్ (ఇంకో రకం ప్లాస్టిక్) అని ఉంటే తగిన జిగురుతో గట్టిగా అతుకుతుంది.

కొన్ని కార్లకు ఈ చెవులు విడిగా దొరుకుతాయి, వాటిని బిగించడానికి డబ్బా మీద ముందే స్క్రూ గుంతలు కూడా ఉంటాయి. నా డబ్బాకూ అలాగే ఉన్నాయి. విరిగిన ముక్కను బ్లేడుతో చదునుగా కోసి, విడి చెవిని రెండు స్క్రూలతో బిగిస్తే వణుకు ఆగిపోయింది. డబ్బా మొత్తం మార్చాలనుకునే ముందు మీ మోడల్‌కు విడి చెవులు వస్తాయేమో ఒక్కసారి అడగండి. అయితే ఒక హెచ్చరిక: రెండు చెవులకంటే ఎక్కువ విరిగితే దెబ్బ లోపల ఎత్తు సర్దే భాగానికీ తగిలి ఉండొచ్చు. అప్పుడు అతుకులు వద్దు.

మార్చక తప్పదంటే మూడు దారులు

ఏ దారి పట్టినా మొదటి మెట్టు పార్టు నంబరే. పాత డబ్బా వెనక స్టిక్కరు మీదో, అచ్చుగానో ఉంటుంది. కారు పేరు, సంవత్సరం చెబితే చాలదు. ఒకే ఏడాదిలో మధ్యలో రూపం మారిన కార్లున్నాయి. ఒకే మోడల్‌లో మామూలు రిఫ్లెక్టరుది ఒకటి, ప్రొజెక్టరుది ఒకటి, పగటి దీపం (పగలు కూడా వెలిగే డీఆర్‌ఎల్) ఉన్నదీ లేనిదీ వేరువేరుగా వస్తాయి. అన్నీ ఒకే చోట కూర్చుంటాయి, సాకెట్ దగ్గరికొచ్చేసరికి కుదరవు. కుడి ఎడమలు కూడా డ్రైవరు సీట్లో కూర్చున్న మనిషి వైపు నుంచే లెక్క, కారుకు ఎదురుగా నిలబడి చూసి చెబితే తారుమారవుతుంది.

కంపెనీది కొత్తది. చెప్పడానికి పెద్దగా లేదు. సరిగ్గా కూర్చుంటుంది, వెలుతురు మొదటి రోజు ఉన్నట్టే ఉంటుంది, ధర అన్నిటికంటే ఎక్కువ. కారు కొత్తదైనా, లైటు ఎల్‌ఈడీ లేదా స్టీరింగుతోపాటు తిరిగేదైనా దీన్నే ఎంచుకోండి. కొనేటప్పుడు అడగాల్సింది ఒకటే: డబ్బాతో మోటారు, కంట్రోల్ యూనిట్ వస్తాయా, లేక పాతవాటిని విప్పి దీనికి మార్చుకోవాలా?

సెకండ్ హ్యాండ్ ఒరిజినల్. ముందు లైట్ల విషయంలో నాకు బాగా ఇష్టమైన దారి ఇదే. వెనక నుంచి గుద్దుకున్న కార్ల ముందు లైట్లు చెక్కుచెదరకుండా దొరుకుతాయి. ఫొటో చూసి కొనకండి, చేతిలోకి తీసుకోండి. చెవులన్నీ లెక్కపెట్టండి. చెవి మొదట్లో తెల్లటి గీత ఉంటే అది ఒకసారి వంగిందని అర్థం, ఇవాళో రేపో విరుగుతుంది. డబ్బాను మీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడండి, లోపల ఏదైనా గలగలమంటే పక్కన పెట్టేయండి. ఎత్తు సర్దే స్క్రూను తిప్పితే లోపల రిఫ్లెక్టరు కదలాలి. బల్బు కన్నంలోంచి టార్చి వేసి పూత చూడండి. ముఖం కాస్త పసుపెక్కి ఉంటే పర్వాలేదు, బేరానికి అదే మంచిది. మసకను మీరు పాలిష్‌తో పోగొట్టగలరు, కాలిన రిఫ్లెక్టరును బాగుచేసుకోలేరు.

ఇక్కడే ఒక చిక్కుంది. కారు రోడ్డుకు ఏ పక్కన నడుస్తుందో దాన్నిబట్టి లో బీమ్ ఆ పక్క అంచువైపు కాస్త పైకి లేచేలా చేస్తారు. వేరే వైపు నడిచే దేశం నుంచి వచ్చిన డబ్బా వేస్తే ఆ పైకి లేచే వెలుతురు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. ఐక్యరాజ్యసమితి నిబంధనల కింద ఆమోదం పొందిన లైట్లలో దీనికి గుర్తుంటుంది. లైటుకు ఎదురుగా నిలబడి చూస్తే కుడివైపు చూపే బాణం ఉన్నది ఎడమపక్కన నడిచే దేశాలకు. బాణం లేనిది కుడిపక్కన నడిచే దేశాలకు. రెండు కొసలూ ఉన్న బాణమైతే రెండింటికీ సర్దుకోవచ్చు.

బయటి కంపెనీది కొత్తది. ఇందులో మంచివీ ఉన్నాయి, నాసిరకమూ ఉన్నాయి. మొదట ముఖం మీద ముద్ర చూడండి. వృత్తంలో ఇంగ్లీషు ఈ అక్షరం, పక్కన అంకె ఉంటే ఆ అంకె ఆమోదం ఇచ్చిన దేశానిది: 1 జర్మనీ, 4 నెదర్లాండ్స్, 11 బ్రిటన్. అమెరికా మార్కెట్ లైట్ల మీద డాట్ (DOT, అక్కడి రవాణా శాఖ పేరుకు పొట్టి రూపం) అని ఉంటుంది. అది ప్రభుత్వం పరీక్షించి వేసిన ముద్ర అనుకుంటారు చాలామంది. నిజానికి నిబంధనలకు తగ్గట్టు చేశామని తయారీదారు తనంతట తాను ఇచ్చే హామీ అది. ఏ ముద్రా లేని డబ్బాను, ఎంత చవకైనా, తాకకండి.

మా తమ్ముడి కారుకు అలాంటిదే ఒకటి వేశాం. పెట్టెలోంచి తీసినప్పుడు ఒరిజినల్ కంటే మెరిసిపోతోంది. బిగించాక బానెట్ పక్క సందులో ఒక కొసన వేలు దూరుతోంది, ఇంకో కొసన కాగితం కూడా దూరడం లేదు. అది సర్దుకుందాం అనుకున్నాం. రాత్రి గోడ మీద చూస్తే వెలుతురుకు అంచే లేదు. పైకి చెదిరిపోయిన వెలుతురును దించుదామని స్క్రూ చివరిదాకా తిప్పినా దిగలేదు. వారం తిరక్కుండానే పాత ఒరిజినల్ వెతికి వేయాల్సి వచ్చింది, విప్పి బిగించే పని రెండుసార్లయింది. రిఫ్లెక్టరు వంపులో వెంట్రుకవాసి తేడా వచ్చినా గోడ మీద ఇలా తెలిసిపోతుంది.

వెనక లైటు లెక్క వేరు. మామూలు బల్బుల టెయిల్ లైటులో ఇంత సూక్ష్మం లేదు. ఎరుపు ముఖం, వెనక సాదా రిఫ్లెక్టరు, బల్బు. ఆమోద ముద్ర ఉండి, రబ్బరు గ్యాస్కెట్ మెత్తగా, దళసరిగా ఉంటే బయటి కంపెనీది చాలు. కొనేటప్పుడు ఆ గ్యాస్కెట్ మీద వేలు నొక్కి చూడండి, అది పలచగా ఉంటే డిక్కీలోకి నీళ్లొస్తాయి. ఎల్‌ఈడీ టెయిల్ లైట్లకు మాత్రం నేను మళ్లీ ఒరిజినల్ వైపే మొగ్గుతాను. బయటివి తీసుకునే కరెంటు తేడాగా ఉంటే బల్బు పోయిందని డ్యాష్‌బోర్డులో హెచ్చరిక వెలగడం, ఇండికేటర్ మరీ వేగంగా కొట్టుకోవడం వంటివి మొదలవుతాయి.

ముఖం ఒక్కటే మార్చుకుందామా అని కొందరు అడుగుతారు. టెయిల్ లైట్లలో ముఖాన్ని పెట్టెకు వేడితో కలిపేస్తారు, అది ఊడదు. హెడ్‌లైట్లలో కొన్నిటికి వేడికి మెత్తబడే బ్యూటైల్ జిగురు ఉంటుంది, కొన్నిటికి ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగని జిగురు. మొదటిరకమైనా తిరిగి మూసేటప్పుడు ఎక్కడ సందు మిగిలినా నీళ్లు చేరతాయి. బాగా అలవాటున్న చేయి అయితే తప్ప నేను వద్దంటాను. అలాగే హాలోజన్ కోసం చేసిన డబ్బాలో ఎల్‌ఈడీ బల్బు దూర్చడం కూడా. సన్నటి ఫిలమెంటు ఎక్కడుంటుందో లెక్కగట్టి ఆ రిఫ్లెక్టరును మలిచారు. వెలుగు పుట్టే చోటు మారితే లెక్కంతా తప్పుతుంది. మీకు తెల్లగా, ఎక్కువగా కనిపిస్తుంది, ఎదుటివాళ్లకు కళ్లు బైర్లు కమ్ముతాయి.

ఒకటా, జతా? పాతది పసుపెక్కి, కొత్తది తేటగా ఉంటే పాతదాన్ని పాలిష్ చేసి జత కుదర్చండి. టెయిల్ లైట్ల ఎరుపులో కొద్దిపాటి తేడా వస్తే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. బల్బులు మాత్రం రెండువైపులా ఒకేసారి మార్చండి.

ఇంట్లో చేయదగినదేనా?

టెయిల్ లైటు అయితే సందేహం అక్కర్లేదు. చాలా కార్లలో డిక్కీ లోపల అట్ట పక్కకు జరిపి రెండుమూడు నట్లు విప్పితే వచ్చేస్తుంది, అరగంట పని. హెడ్‌లైటుకు ముందు ఒక విషయం కనుక్కోండి: మీ కారుకు బంపర్ విప్పాలా, అక్కర్లేదా? విప్పనక్కర్లేకపోతే గంట. విప్పాలంటే ఒక పూట, పట్టుకోవడానికి రెండో మనిషి కూడా కావాలి. బంపర్‌లో రాడార్ ఉన్నా, లైటు తిరిగే రకమైనా, కొత్త డబ్బాను కంప్యూటరుకు పరిచయం చేయాల్సి ఉన్నా వర్క్‌షాపుకే ఇవ్వండి. జినాన్ లైట్లు వెలిగే క్షణంలో 20,000 వోల్టులకు పైగా పుడుతుంది. వాటిని తెలిసినవాళ్లే ముట్టుకోవాలి.

మీరే చేస్తే, పాతది విప్పకముందే చేయాల్సిన పని ఒకటుంది. చదునైన నేల మీద కారును గోడకు సరిగ్గా 5 మీటర్ల దూరంలో నిలిపి, వెలుతురు పైఅంచు ఎక్కడ పడుతోందో రెండు లైట్లకూ గోడ మీద టేపు అంటించండి. కారు నిలిపిన చోట టైర్ల కింద నేల మీదా గుర్తు పెట్టండి. కొత్తది బిగించాక అదే చోట నిలిపి, అదే టేపుకు సర్దితే సరిపోతుంది. పాత లైటు ఎత్తు ముందే తప్పి ఉంటే ఇంకో లెక్క. లైటు మీద 1.0 శాతం అని ఉంటే వెలుతురు 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగాలి. అంటే 5 మీటర్ల గోడ మీద పైఅంచు లైటు నడిమి ఎత్తుకంటే 5 సెంటీమీటర్లు కింద పడాలి. 1.3 శాతమైతే ఆరున్నర. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డ్రైవరు సీట్లో ఒకరు కూర్చోవాలి, లోపల లైటు ఎత్తు మార్చే చక్రం సున్నా మీద ఉండాలి.

కారు ఆపి తాళంచెవి బయటికి తీసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. బంపర్, ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) కలిసే అంచుకు మాస్కింగ్ టేపు వేయండి, గీతలన్నీ అక్కడే పడతాయి. విప్పిన బోల్టులను వచ్చిన వరసలోనే అట్టముక్క మీద గుచ్చి పెట్టుకోండి, పొడవులు వేరువేరుగా ఉంటాయి. ప్లాస్టిక్ క్లిప్పులకు నడుమ పుల్లను ముందు లేపి, తర్వాత క్లిప్పు లాగాలి. సాకెట్‌ను వైరు పట్టుకుని లాగకండి. వేడికి పెళుసెక్కిన లాక్‌ను బొటనవేలితో మెల్లగా నొక్కి, సాకెట్ ఒంటినే పట్టుకుని తీయండి. లైటు రావట్లేదంటే ఎక్కడో ఇంకో బోల్టు మిగిలే ఉంది, బలం చూపించకండి. హాలోజన్ బల్బు గాజును వట్టి వేళ్లతో తాకితే చర్మం మీది జిడ్డు అంటి, అక్కడ వేడెక్కి తొందరగా పోతుంది. గుడ్డతో పట్టుకోండి.

బోల్టులు అన్నీ పట్టుకునేదాకా ఏదీ పూర్తిగా బిగించకండి. ముందు వదులుగా ఎక్కించి, బానెట్ దించి సందులు చూసుకుని, అప్పుడు ఒక్కొక్కటే బిగించండి. టెయిల్ లైటు నట్లకు చేతి బిగువు, ఆపైన పావు చుట్టు చాలు. గ్యాస్కెట్ నొక్కుకుంటే చాలు, ఇంకా తిప్పితే పెట్టె పగులుతుంది. బంపర్ ఎక్కించకముందే బ్యాటరీ కలిపి లో బీమ్, హై బీమ్, ఇండికేటర్, పార్కింగ్ లైటు అన్నీ వేసి చూడండి. ఒక సాకెట్ మరిచిపోతే మళ్లీ అంతా విప్పే పని తప్పుతుంది.

వారం రోజులు తిరిగాక బోల్టుల బిగువు మరోసారి చూసి, ఒక వాన తర్వాతో కడిగిన తర్వాతో ముఖం లోపల చుక్కలేమైనా చేరాయేమో గమనించండి. అప్పటిదాకా పాత డబ్బాను పారేయకండి. మూతలు, హోల్డర్లు, స్క్రూలు కొత్తదానికి తక్కువైతే దాంట్లోంచే తీసుకోవాలి.